ప్లగ్గు తీసిన పిమ్మటనే పరీక్ష

పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలు చూడబోయినవారికి ఏ ఊరనైనను ఒకే దృశ్యము ఎదురగును. వరుసగా వేసిన బల్లలు, బల్లల మీద అట్టతోను థర్మోకోలుతోను కట్టిన నమూనాలు, ఒక్కొక్క నమూనా నడుమ అరచేతిలో ఇముడు నీలిరంగు ఎలక్ట్రానికు బోర్డు, ఆ బోర్డునుండి బయలుదేరి బల్ల క్రిందుగా ప్రాకి ఏ లాప్‌టాప్‌నో ఏ ఎక్స్‌టెన్షను బాక్సునో చేరు తీగ. పొలములో మన్ను ఆరినంతనే తనంతట నీరు విడుచు యంత్రమిది యని ఒక బాలిక చెప్పును. అడవిలో నిప్పు రగిలినంతనే కబురు పంపు యంత్రమిది యని ఒక బాలుడు చెప్పును. ఆ మాటలలోని ఉత్సాహమును చూచి మన మనస్సు నిండును. కాని పొలము గట్టున ప్లగ్గు ఎక్కడ నుండును, అడవి నడుమకు లాప్‌టాప్‌ను ఎవరు మోసికొనిపోవుదురు అని అడిగినచో ఆ పిల్లలు ఒకరి మొగము నొకరు చూచుకొందురు. ఈ లోపము వారిది కాదు. ఆ ప్రశ్నను మనము వారి ముందు ఎన్నడును ఉంచలేదు.

2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యమున మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద దేశమంతట సుమారు 10,000 పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబులు వెలసినవి. ఒక్కొక్క ల్యాబునకు 20 లక్షల రూపాయల వరకు సహాయము నిర్ణయింపబడినది. 2025 ఫిబ్రవరి బడ్జెట్టులో, రాబోవు ఐదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలందు మరి 50,000 ల్యాబులు నెలకొల్పుదుమని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఇంత ధనమును, ఇంత ఆశయును ఒక కార్యమునందు నిక్షిప్తమగుచున్న వేళ నేను కోరునది ఒక్క నియమము: ఈ ప్రయోగశాలలలో తయారైన ఏ పరికరమునైనను ప్లగ్గునుండి విడదీసి, కేవలము బ్యాటరీ మీద నిర్ణీత కాలము నడిపి చూపిన పిమ్మటనే దానిని పూర్తియైన పనిగా లెక్కింపవలయును. శక్తిని లెక్కించి వాడుకొను బుద్ధియు, శక్తి తరిగిపోయినపుడు కీడు కలిగింపక నిలిచిపోవు యంత్రమును కట్టు నేర్పును విద్యార్థికి ఈ ఒక్క నియమమువలన అబ్బునని నా విశ్వాసము.

ఈ మాటను బిలాస్‌పూరునుండి చెప్పుటకు కారణము కలదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఛత్తీస్‌గఢ్ మైదానముల మీదుగా పట్టాలు పరచి ఈ ఊరిని గొప్ప జంక్షనుగా తీర్చిన నాటినుండి, ఉత్తరాంధ్రమునందలి తెలుగు కుటుంబములెన్నియో రైల్వే కొలువు వెదకికొనుచు ఇచ్చటికి వచ్చి స్థిరపడినవి. 1931లో రాయపూరు విజయనగరము లైను పూర్తియైన పిమ్మట ఆ రాకపోకలు మరింత సుగమములైనవి. కంపెనీ పోయి ప్రభుత్వము వచ్చినది. 1955లో ఆగ్నేయ రైల్వే, 2003 ఏప్రిల్ 5న బిలాస్‌పూరే కేంద్రస్థానముగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినవి. ఈ మార్పులన్నిటి నడుమ మారని వస్తువు ఒకటి కలదు, అది బ్యాటరీ. ఇరుసునకు బెల్టుతో తగిలించిన డైనమో పరుగులో ఉన్నంతసేపు పెట్టెలోని దీపములను పంకాలను పోషించుచుండగా, బండి స్టేషనులో నిలిచిన మరుక్షణము ఆ భారమంతయు పెట్టె అడుగున కట్టిన సీసపు బ్యాటరీలపై పడెడిది. 25,000 వోల్టుల తీగ క్రింద పరుగులిడు విద్యుత్ ఇంజను సైతము, గాలి నిలువ అడుగంటియున్న ఉదయమున, తన 110 వోల్టుల బ్యాటరీతో ఒక చిన్న కంప్రెసరును నడుపుకొన్నగాని పాంటోగ్రాఫు నెత్తి ఆ తీగను తాకజాలదు.

ఆ బ్యాటరీల వెనుక మనుష్యులుండిరి. సెల్లు మూత విప్పి, హైడ్రోమీటరు రబ్బరు తిత్తిని నొక్కి విడిచి, గాజు గొట్టములోనికి ఆమ్లము ఎగబ్రాకగా అందు తేలు బిరడాను కంటికి ఎదురుగా పట్టి గ్రావిటీ చదివి, ఆ అంకెను కార్డు మీద వ్రాసి, తగ్గినచోట డిస్టిల్డ్ వాటర్ పోసి, తక్కిన సెల్లులతో సమముగా నిలువని సెల్లును గుర్తుపెట్టి విడదీయుట వారి నిత్యకృత్యము. ఒక్క సెల్లు బలహీనమైనచో వరుస మొత్తము బలహీనమగునని వారు పుస్తకములో చదివి తెలిసికొనలేదు, చేతులతో తెలిసికొనిరి. ట్రెయిన్ లైటింగులోను, సిగ్నలు శాఖలోను జీవితము గడిపి పదవీ విరమణ చేసిన అట్టివారు రైల్వే పట్టణములన్నిటను ఉన్నారు. వారి మనుమలు చదువుచున్న బడులలోనే, బ్యాటరీ అనగా అంగడిలో కొని, వాడి, పారవేయు వస్తువను భావము స్థిరపడినది.

ఆ భావము ఎంత నష్టకరమో ఒక్క ఉదాహరణముతో చెప్పెదను. ఇటలీలోని ఇవ్రేయా పట్టణమున 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డులలో, 2010లో వెలువడిన ఊనో అను రకము మన బడులలో విరివిగా వాడుకలో నున్నది. దానికి బ్యాటరీ తగిలింపవలసి వచ్చినపుడు విద్యార్థులు సాధారణముగా కొనునది నెత్తిన రెండు గుండీలుగల 9 వోల్టుల చిన్న పెట్టె. దాని రేకు క్రింద ఒకటిన్నర వోల్టు చొప్పున ఆరు చిట్టి సెల్లులు వరుసగా బంధింపబడి యుండును. వోల్టులు కలిసినవి గాని ఒక్కొక్క సెల్లు చిన్నదగుటచే నిలువ స్వల్పము: మేలైన ఆల్కలైన్ రకమున సుమారు 500 మిల్లీఆంపియర్ గంటలు, చవుక రకమైన జింకు కార్బనులో అంతకంటె తక్కువ. ఊనో బోర్డు ఏ పనియు చేయక ఊరకున్నను సుమారు 50 మిల్లీఆంపియర్లు త్రాగును. అనగా కాగితము మీది లెక్కకే ఆ పెట్టె ఆయువు పది గంటలు. అంతటితో తీరలేదు. బోర్డునకు కావలసినది 5 వోల్టులు, వచ్చుచున్నవి 9. మిగిలిన నాలుగింటిని బోర్డు మీది రెగ్యులేటరు వేడిగా మార్చి గాలిలో కలుపుచుండును. నూటికి 44 పాళ్ళ శక్తి ఈ విధముగా ఏ ప్రయోజనము లేక పోవును. పైగా ఆ రెగ్యులేటరు సరిగా పనిచేయుటకు 7 వోల్టులైన రావలయును. బ్యాటరీ అంతకంటె దిగినచో లోపల ఇంకను కొంత శక్తి యున్నను అది అక్కరకు రాదు. ఉదయము ప్రదర్శనమున చక్కగా నడిచిన నమూనా సాయంకాలము బహుమతులిచ్చు వేళకు మూగవోవుటకు కారణమిదే. పిల్లవాడు ఇంకొక 9 వోల్టుల పెట్టె కొనును. కారణము మాత్రము తెలియదు.

ఇప్పుడు అదే పనిని లెక్కతో చేసిన ఎట్లుండునో చూడుడు. మన్నులోని తేమ నిమిషనిమిషము మారునది కాదు. పది నిమిషములకొకసారి కొలిచిన చాలును. ఊనో బోర్డునందలి ప్రధానమైన చిప్పు, అనగా ఏటిమెగా 328పి, నిద్రపోగలదు. గాఢనిద్రలో తన గడియారమును మాత్రము మెలకువగా ఉంచుకొని, కొద్ది మైక్రోఆంపియర్లతో కాలము గడుపును. ఆ గడియారము గరిష్ఠముగా ఎనిమిది సెకండ్ల కొకసారి తట్టి లేపును. 74 మారులు లేచి, ఇంకను సమయము కాలేదని మరల నిద్రించి, పదవ నిమిషమున పూర్తిగా మేల్కొని, తేమ కొలిచి, అంకె వ్రాసికొని పడుకొనును. మెలకువగా ఉన్న ఆ ఒక్క సెకనులో చిప్పు, తేమ కొలుచు సాధనము కలిసి 15 మిల్లీఆంపియర్లు తీసికొన్నవనుకొందము. 600 సెకండ్లకు పంచినచో అది 25 మైక్రోఆంపియర్లగును, నిద్రలోని ఖర్చు మరి 5 కలుపుడు, సగటు 30. మూడు పెన్సిలు సెల్లులు వరుసగా కట్టిన పెట్టెలో 2,000 మిల్లీఆంపియర్ గంటల నిలువ యున్నదనుకొన్నచో, లెక్కకు ఏడేండ్లకు పైబడి నడుచును. సెల్లులు తమంతట తామే క్రమముగా శక్తి కోల్పోవును గావున ఏడేండ్లు ఆశింపరాదు. రెండు మూడేండ్లు నిశ్చింతగా ఆశింపవచ్చును. 50 మిల్లీఆంపియర్లు త్రాగు పూర్తి బోర్డునకు ఇంతే నిలువ నిచ్చినచో 40 గంటలు. ఎప్పుడో వచ్చు చుట్టమునకై రేయింబవళ్ళు పొయ్యి ఆర్పకుండుట వంటిది ఈ వృథా. నలుబది గంటలకును సంవత్సరములకును నడుమ నున్న ఈ అంతరమును ధనము పెట్టి కొననక్కరలేదు. కూడికలు, భాగహారములు వచ్చిన ఎనిమిదవ తరగతి విద్యార్థి తన చేతితో సాధింపగలడు.

అయితే చిప్పును నిద్రపుచ్చినంత మాత్రమున బోర్డు నిద్రపోదు. కంప్యూటరుతో మాటలాడు మరియొక చిప్పు, రెగ్యులేటరు, ఎల్లప్పుడు వెలుగు చిన్న దీపము, ఇవి మెలకువగానే యుండి పదుల మిల్లీఆంపియర్లు త్రాగుచుండును. ఈ రహస్యము మల్టీమీటరును బ్యాటరీ తీగకు వరుసలో కలిపి చూచినగాని బయటపడదు. విద్యార్థి తన కంటితో ఆ అంకెను చూచి, దీపమును తొలగించి మరల చూచి, రెగ్యులేటరును దాటించి మరల చూచి, అంకె దిగుచుండుట గమనించిన గడియలో అతడు నేర్చుకొనునది ఏ ఉపన్యాసమువలనను రాదు. బోర్డులన్నియు ఒక్క తీరుగ నుండవు. 2016లో బ్రిటనులో బడిపిల్లలకు సుమారు పది లక్షల వరకు ఉచితముగ పంచిపెట్టదలచిన బీబీసీ మైక్రోబిట్ అను బోర్డునకు మొదటినుండియు బ్యాటరీ కొరకు ప్రత్యేకమైన సాకెట్టు కలదు. రెండు సన్న పెన్సిలు సెల్లులతో అది నడుచును. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో 1.8 వోల్టులనుండి 5.5 వోల్టుల వరకు ఏది యిచ్చినను సర్దుకొని పనిచేయును. బోర్డులు కొనునపుడు ధర, పేరు చూచునట్లే ఈ గుణమును గూడ చూడవలసినదని మన ల్యాబుల కొనుగోలు జాబితాలలో వ్రాయుట కష్టమైన పని కాదు.

ఇంతవరకు చెప్పినది పొదుపును గురించి. అంతకంటె ముఖ్యమైనది భద్రత. రైల్వే పట్టణములలో పిల్లలు మక్కువతో కట్టు నమూనా లెవెల్ క్రాసింగు గేటు. బొమ్మ రైలు సమీపింపగా ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు కనిపెట్టును. చిన్న సర్వో మోటారు గేటు కర్రను దింపును. రైలు పోయిన పిమ్మట ఎత్తును. గోడ ప్లగ్గు మీద ఈ నమూనా ముచ్చటగా నడుచును. 9 వోల్టుల పెట్టె మీద నడిపినపుడు చూడుడు: మోటారు కదలనారంభించిన క్షణమున కొన్ని వందల మిల్లీఆంపియర్లు లాగును, ఆ చిట్టి సెల్లులు అంత ఒక్కసారి ఈయజాలవు, వోల్టులు కుంగును, బోర్డు పనిచేయుట మాని మొదటినుండి ఆరంభించును, ఆరంభించినంతనే గేటును ఎత్తవలెనని మొదటి ఆజ్ఞ, రైలు పట్టాల మీద నుండగానే గేటు లేచును. అట్టతో కట్టిన బొమ్మ గావున ఎవరికిని హాని లేదు. కాని నమూనా మనకు బోధించు పాఠము మాత్రము భయంకరమైనది. బ్రాడ్ గేజి మీద కాపలా లేని గేట్లన్నియు 2019 జనవరి 31 నాటికి తొలగింపబడిన దేశమున, శక్తి తగ్గినపుడు తెరచుకొను గేటును కట్టి బహుమతి పుచ్చుకొనుట మన పిల్లలకు నేర్పదగిన విద్య కాదు.

ఈ విషయమున రైల్వేయే గురువు. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూటు నేటికిని ప్రపంచమున రైళ్ళను కాపాడుచున్నది. పట్టాల జతలో కొంత భాగమును తక్కిన భాగమునుండి విద్యుత్తు పారకుండ వేరుచేసి, ఒక కొనను బ్యాటరీని, రెండవ కొనను రిలే అను విద్యుత్ స్విచ్చిని కలుపుదురు. పట్టాలు ఖాళీగా నున్నపుడు బ్యాటరీ శక్తి పట్టాల వెంట పోయి రిలేను ఎత్తిపట్టును. ఎత్తిపట్టినపుడే సిగ్నలు పచ్చన కాగలదు. రైలు వచ్చినచో దాని చక్రములు, ఇరుసులు రెండు పట్టాలను కలిపివేయును, రిలే పడిపోవును, సిగ్నలు ఎర్రనగును. ఇందలి మహత్తు ఇంకను లోతైనది. బ్యాటరీ చచ్చినను, తీగ తెగినను, పట్టా విరిగి ప్రవాహము తెగినను రిలే పడిపోవునే గాని లేవదు. బండ్లు ఆలస్యమగును గాని ఢీకొనవు. శక్తి లేకపోవుటను సైతము ప్రమాద సూచనగా భావించునట్లు ఆ యంత్రము కల్పింపబడినది. మన పిల్లల గేటు నమూనాలో గూడ ఈ ధర్మమునే పాటింపవచ్చును. మోటారునకు వేరు బ్యాటరీ పెట్టి రెండిటి నెగటివు తీగలను కలుపుడు. గేటు పూర్తిగా దిగినదని ఒక స్విచ్చి ధ్రువపరచినగాని పచ్చదీపము వెలుగకుండ చూడుడు. బోర్డు ఆరంభించిన వెంటనే గేటు దించు ఆజ్ఞనే మొదట వ్రాయుడు. వోల్టులు ఒక హద్దునకు దిగినచో చిప్పు తప్పుడు పనులు చేయకుండ దానిని నిలిపియుంచు బ్రౌనౌటు కాపలా ఆ చిప్పులోనే కలదు. దానిని ఏ హద్దున నిలుపవలెనో నిర్ణయించుటయు పాఠములో భాగమే. ఆ కాపలా లేనిచో, కుంగిన వోల్టుల మీద చిప్పు తాను దాచుకొన్న అంకెలనే చెరపివ్రాసికొను ప్రమాదము కలదు.

మన తెలుగునాడునకు ఈ విద్య పరాయిది కాదు. 1985లో తిరుపతి ప్రాంతమున మొదలైన అమరరాజా సంస్థ సీసపు బ్యాటరీలలో దేశమంతట పేరు గడించినది. హైదరాబాదులోని హెచ్‌బీఎల్ సంస్థ రైల్వేకు బ్యాటరీలు సమకూర్చుటయే గాక, రైళ్ళు ఢీకొనకుండ కాచు కవచ్ పరికరములను గూడ తయారుచేయుచున్నది. ఆ కవచ్ మొదట పరీక్షింపబడినది సికింద్రాబాదు కేంద్రముగాగల దక్షిణ మధ్య రైల్వేలోనే. పట్టాల నడుమ అమర్చు కవచ్ ట్యాగులలో బ్యాటరీయే లేదు. పైనుండి పోవు ఇంజను అడుగున నున్న సాధనము పంపు రేడియో తరంగములనుండియే అవి తమకు కావలసిన శక్తిని గ్రహించి, తమ స్థానమును తెలియజేయును. ఎండలో వానలో పడియుండవలసిన వేలకొలది వస్తువులకు బ్యాటరీలు మార్చువారెవరని ముందుగా ఆలోచించినవారికే ఇట్టి ఉపాయము తట్టును. బిలాస్‌పూరునకు చేరువలోని అచానక్‌మార్ వంటి అడవులలో పులులను లెక్కించుటకు చెట్లకు కట్టు కెమెరాలు బ్యాటరీ మీద నడుచునవే అయినను, ఇట్టి ముందుచూపుతో కట్టినవే. 2018 పులుల గణనలో దేశమున 26,838 చోట్ల అట్టి కెమెరాలను అమర్చిరి. జంతువు కదలినపుడు మాత్రమే మేల్కొని, తక్కిన కాలమంతయు కునుకుచుండు గుణము వానికి లేనిచో ఆ గణనము సాధ్యమై యుండెడిది కాదు.

సెల్లును ఎన్నుకొనుటలో జాగ్రత్త అవసరము. క్రొత్తవారికి తిరిగి చార్జి చేయదగిన నికెల్ మెటల్ హైడ్రైడు పెన్సిలు సెల్లులు శ్రేష్ఠములు, ఒక్కొక్కటి 1.2 వోల్టులే అయినను ఒక్కసారిగా ఎక్కువ ప్రవాహము నీయగలవు, అగ్నిభయము స్వల్పము. లిథియం అయాను సెల్లు చిన్న దేహమున గొప్ప శక్తిని దాచుకొనును, కాని 4.2 వోల్టులకు మించి చార్జి చేసినను, 3 వోల్టులకు మరీ దిగువకు పిండివేసినను చెడును, రెండు కొనలు కలిసినచో నిప్పు కక్కును. పాత లాప్‌టాప్ బ్యాటరీలనుండి ఊడదీసిన సెల్లులు అంగళ్ళలో చవుకగా దొరకుచున్నవి. వానిని పిల్లల చేతికి ఎన్నడును ఈయరాదు. రక్షణ సర్క్యూటు లేని లిథియం సెల్లును బడిలోనికి రానీయరాదు, పెద్దలెవరును లేనిచోట చార్జింగునకు పెట్టరాదు, సెల్లు దేహము మీద నేరుగా సోల్డరింగు చేయరాదు. మే నెలలో 45 డిగ్రీలకు ఎగబ్రాకు బిలాస్‌పూరు ఎండలో, రేకు పెట్టెలో బిగించిన ఏ సెల్లయినను త్వరగా ముసలిదగునని గూడ వారికి తెలియవలయును.

దీనికి ఆక్షేపణలు రాకపోవు. నేడు విద్యుత్తునకు కొదువ యేమున్నది, బిలాస్‌పూరు జిల్లాలోని సీపత్‌లోనే ఎన్‌టీపీసీ కేంద్రము 2,980 మెగావాట్లు ఉత్పత్తి చేయగలదు, ప్రక్కనే కోర్బాలో మరి 2,600 మెగావాట్ల కేంద్రము కలదు, ఈ మైక్రోఆంపియర్ల లెక్కలేల యని కొందరందురు. మెగావాట్లు తీగ యున్నంత దూరమే పోవును. కాలువ తూము, వంతెన అడుగు, అడవి దారి, చేను గట్టు, వరద వచ్చు వాగు, ఇట్టి చోట్ల నిలువవలసిన పరికరములకు సీపత్ కేంద్రము పొరుగున నున్నను లాభము లేదు. చేతిలో పవర్ బ్యాంకు ఉండగా చింత యేల యని మరికొందరందురు. పొదుపుగా నడుచు బోర్డునకు అది తగదు. లాగు ప్రవాహము మరీ తక్కువైనచో, ఫోను చార్జింగు పూర్తియైనదనుకొని చాల పవర్ బ్యాంకులు తమంతట ఆరిపోవును. లోపలి 3.7 వోల్టుల సెల్లును 5 వోల్టులకు ఎత్తుటలో కొంత, బోర్డు మీద మరల 3.3కు దించుటలో కొంత శక్తి వ్యర్థమగును. ఉపాధ్యాయులకు ఇప్పటికే భారము మిక్కుటమను మాట నిజము. దానిని నేను తేలికగా తీసికొనను. కాని ఈ పాఠమునకు క్రొత్త పుస్తకములు అక్కరలేదు. ఓమ్ సూత్రము, శక్తి, సగటు అను మాటలు పాఠ్యగ్రంథములలోనే యున్నవి. పరీక్షలో ఒకసారి వ్రాసి మరచిపోవు ఆ మాటలకు ఇచ్చట పని దొరకును. బ్యాటరీల వాడుక పెరిగిన చెత్త పెరుగునను ఆక్షేపణ అన్నిటికంటె బలమైనది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచినవి. అయినను మన ఇండ్లలోను బడులలోను అవి చెత్తకుండీకే పోవుచున్నవి. లెక్కతో వాడువాడు తక్కువ సెల్లులు పారవేయును. తన సెల్లు తుదకు ఎక్కడికి పోవునని అడుగుటకు నేర్చుకొనును. ఆ ప్రశ్న నేటి పిల్లలనుండి రానిచో మరెవరినుండి వచ్చును?

కావున చేయవలసిన పనులు ఇవి. ప్రతి టింకరింగ్ ల్యాబులోను విద్యార్థుల జట్టునకొక మల్టీమీటరు ఉండవలయును. మైక్రోఆంపియర్లు చూపగలది కనీసము ఒక్కటైన బడికి ఉండవలయును. ప్రతి నమూనా ప్రక్కన, ఇది ఏమి చేయునో చెప్పు అట్టతోపాటు, ఇది మెలకువలో ఎంత త్రాగును, నిద్రలో ఎంత త్రాగును, ఏ సెల్లు మీద ఎన్ని దినములు నడుచును, శక్తి తరిగినపుడు ఏ స్థితిలో నిలుచును అను నాలుగు పంక్తుల పట్టిక వ్రాసి పెట్టవలయును. జిల్లా స్థాయి ప్రదర్శనలలో మొదటి దినము ఉదయమున నమూనాలన్నిటిని ప్లగ్గునుండి విడదీసి, మరునాటి ఉదయమున నడుచుచున్నవానిని మాత్రమే బహుమతికి పరిశీలింపవలయును. బిలాస్‌పూరు, ఖరగ్‌పూరు, విశాఖపట్టణము, విజయవాడ, కాజీపేట వంటి రైల్వే పట్టణములలో, సిగ్నలు శాఖలలోను ట్రెయిన్ లైటింగులోను జీవితకాలము గడిపిన పెద్దలను నెలకొకసారియైన ఈ ల్యాబులకు రమ్మని పిలువవలయును. బోర్డు భాష వారికి క్రొత్తది కావచ్చును. బ్యాటరీ నాడి వారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు. ప్రతి బడిలో వాడిన సెల్లులకు వేరు డబ్బా ఉంచి, దానిని అధీకృత సేకరణదారునకు అప్పగించు బాధ్యతను విద్యార్థులకే ఈయవలయును.

వీనిలో ఏదియు అధిక ధనముతో ముడిపడినది కాదు. ప్రదర్శనల నియమావళిలో కొన్ని పంక్తులు చేర్చిన చాలును. ఆ పంక్తులు వ్రాయు అధికారము విద్యాశాఖల చేతిలోనే కలదు. ఐదేండ్లలో 50,000 ల్యాబులు నిలుపదలచినవారు, ఆ ల్యాబులలో తయారైన వస్తువు బల్ల దిగి పొలమునకు, అడవికి, కాలువ గట్టునకు పోయి తన కాళ్ళ మీద తాను నిలువగలదో లేదో పరీక్షించు పద్ధతిని గూడ ఇప్పుడే ఏర్పరుపవలయును. రాబోవు విద్యాసంవత్సరపు ప్రదర్శనలకు నియమములు ప్రకటించుటకు ముందే మన రెండు తెలుగు రాష్ట్రముల విద్యాశాఖలును, ఛత్తీస్‌గఢ్ విద్యాశాఖయు ఈ ఒక్క షరతును చేర్చినచో, దాని ఫలము ఒక్క సంవత్సరములోనే కంటికి కనబడునని నేను నిస్సందేహముగా చెప్పగలను.